ఆరు నిమిషాల పాఠం
(సరిహద్దు ప్రాంత తెలుగు ఉపాధ్యాయుల, తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధించేందుకు తగిన సౌకర్యాలు కల్పించాలని రాజ్యాంగంలోని 350ఎ అధికరణం చెబుతున్నది. 1956లో ఏడవ సవరణ ద్వారా చేరిన ఈ అధికరణాన్ని మన వేదికలపై తరచుగా స్మరిస్తుంటాము. బడి కోసం, పుస్తకం కోసం, నియామకం కోసం మహజర్లు సమర్పిస్తుంటాము. అవన్నీ అవసరమే. అయితే నియమితుడైన ఉపాధ్యాయుడు తెలుగులో పాఠం చెప్పడాన్ని ఎక్కడ అభ్యసించాడన్నది మనం అంతగా పట్టించుకోని విషయం. నేడు దానిని గురించే మనవి చేస్తాను.

ఉపాధ్యాయ శిక్షణలో సూక్ష్మబోధన అనే పద్ధతి ఉన్నది. 1963లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డ్వైట్ అలెన్, ఆయన సహచరులు దీనిని రూపొందించారు. పాఠమంతటినీ ఒకేసారి చెప్పించక, కొద్దిమంది విద్యార్థుల ముందు కొన్ని నిమిషాలపాటు ఒకే ఒక నైపుణ్యాన్ని సాధన చేయించడం దీని సారం. ప్రశ్నించడం ఒక నైపుణ్యం, వివరించడం మరొకటి, పిల్లవాని జవాబును మెచ్చి ముందుకు నడిపించడం, అంటే పునర్బలనం, ఇంకొకటి. మన దేశంలో 1967లో అలహాబాదులో డి.డి. తివారీ దీనిని ప్రయోగించారు. అనంతరం 1970వ దశకంలో బరోడాలో బి.కె. పాసీ ప్రభృతులు మన పరిస్థితులకు తగినట్లు మలచారు. భారతీయ నమూనాలో ఒక చక్రానికి 36 నిమిషాలు: 6 నిమిషాలు బోధన, 6 నిమిషాలు పరిశీలకుల అభిప్రాయం, 12 నిమిషాలు పాఠాన్ని సరిదిద్దుకోవడం, 6 నిమిషాలు పునర్బోధన, మరల 6 నిమిషాలు అభిప్రాయం.

ఈ నమూనాలో పిల్లల స్థానంలో సాధారణంగా తోటి ఛాత్రోపాధ్యాయులే కూర్చుంటారు. మన చిక్కు అక్కడే మొదలవుతుంది. ఆ తోటివారు తమిళులో, కన్నడిగులో, ఒడియావారో అయినప్పుడు తెలుగు అభ్యర్థి వారికి అర్థమయ్యే భాషలోనే పాఠం చెబుతాడు. అది సహజం, ఎవరినీ నిందించనక్కరలేదు. కానీ నల్లబల్ల వాడుక ఏ భాషలో నేర్చినా ఒకటే కావచ్చు; ప్రశ్నించడం, మెచ్చుకోవడం అలా కావు. అవి మాటమీదనే నిలిచి ఉంటాయి, అందునా పిల్లవాడు ఇంట్లో ఆడే మాటమీద.

ఒక ఉదాహరణ చూడండి. “నేలలోపల కాయ కాసే పంట ఏది?” అని ఉపాధ్యాయుడు అడిగాడు. “చెనిక్కాయ” అన్నాడు పిల్లవాడు. “తప్పు, వేరుశనగ అనాలి” అంటే ఆ పిల్లవాడు మళ్ళీ చేయి ఎత్తడు. ప్రక్కన కూర్చున్నవారూ ఎత్తరు. మన ఇంటి మాటకు బడిలో తప్పు అని పేరు పెట్టిన తరువాత, తెలుగు బడి అయితేనేమి, మరో బడి అయితేనేమి అని ఆ తల్లిదండ్రులకు తోస్తే ఆశ్చర్యం లేదు. అదే ఉపాధ్యాయుడు “సరిగ్గా చెప్పావు. పుస్తకంలో దానినే వేరుశనగ అన్నారు. ‘వేరు’ అనే మాట ఎందుకు చేరిందో ఎవరు చెబుతారు?” అంటే, చేనిలో మొక్క పీకి చూసినవాడు లేచి నిలబడతాడు. ఒక్క జవాబులో పునర్బలనమూ, లోతుకు తీసుకుపోయే ప్రశ్నా రెండూ ఉన్నాయి. ఇది పుట్టుకతో వచ్చే నేర్పు కాదు, అభ్యాసంతో వచ్చేది.

సూక్ష్మబోధనలో లోపాలు లేకపోలేదు. అయిదారుగురి ముందు చెప్పిన పాఠం, ఒకే గదిలో మూడు తరగతులు నడిపే ఏకోపాధ్యాయ పాఠశాలకు నేరుగా సరిపోదు. నైపుణ్యాలను ఇలా విడదీయడం కృత్రిమమని విమర్శించినవారూ ఉన్నారు. ఆ విమర్శలో నిజముంది. అయినా ఈదబోయేవానికి ముందు ఒడ్డు దగ్గర చేతులు ఆడించడం నేర్పుతాము కదా!

ఇరుగుపొరుగు గ్రామాల తెలుగు ఉపాధ్యాయులు అయిదుగురు ఒక ఆదివారం కలిస్తే చాలు. ఒకరు చెప్పాలి, ఇద్దరు వ్రాసుకోవాలి, ఒకరు కాలం చూడాలి, ఒకరు చేతిఫోనులో చిత్రీకరించాలి. “బాగుంది” అన్న మాట అభిప్రాయం క్రింద లెక్కకు రాదు. ఎన్ని ప్రశ్నలు వేశారు, ఎన్నింటికి అవును-కాదు జవాబు సరిపోయింది, ఎన్ని జవాబులను మధ్యలో త్రుంచారు — ఇవి అంకెలలో వ్రాయాలి. పిల్లలుగా నటించే పెద్దలు మనకు అక్కరలేదు. తల్లిదండ్రులు అరగంటసేపు నలుగురు పిల్లలను పంపితే, స్టాన్‌ఫర్డ్‌లో మాదిరిగా నిజమైన విద్యార్థులే ఎదుట ఉంటారు. మొదటి నెల ప్రశ్నించడం ఒక్కటే తీసుకోండి. పునర్బోధనకు మాత్రం వేరే నలుగురు పిల్లలను కూర్చోబెట్టండి. మొదటివారికి జవాబులు అప్పటికే తెలిసి ఉంటాయి.