పొగకు గీత గీశాం, సీసా మాటేమిటి?

(ఖరగ్‌పూర్‌లో జరిగిన సంఘ వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

పొగ, మందు – ఈ రెండింట్లో ఏది ఎక్కువ చెరుపు అని మాట్లాడమన్నారు కార్యదర్శిగారు. నేను డాక్టర్ని కాను, వకీలునీ కాను. వైమానిక దళంలో విమానాల ఇంజన్లు విప్పి బిగించినవాణ్ణి. పుట్టి పెరిగింది మాత్రం ఈ ఊరి రైల్వే క్వార్టర్లలోనే. మా తాతగారు శ్రీకాకుళం జిల్లా నుంచి బెంగాల్ నాగపూర్ రైల్వేలో పనికి వచ్చారు. ఇక్కడున్న చాలామంది ఇళ్లలో ఇదే కథ.

మా నానమ్మది అడ్డపొగ. చుట్ట నిప్పు వైపు నోట్లో పెట్టుకుని పని చేసుకుంటూ పోయేది. చిన్నప్పుడు మాకది గొప్ప వింత! ఈ అలవాటు మీద శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి 1971లో ఒక వైద్య పరిశోధన ప్రచురించారు. అంగిలి మీద వచ్చే మచ్చలు, పుండ్ల గురించి అందులో రాశారు. నానమ్మకీ అంగిట్లో పుండు లేచింది, మానలేదు. ఆవిడ చుట్ట వల్ల ఎవరూ దెబ్బలు తినలేదు, ఎవరి ఉద్యోగమూ ఊడలేదు. కానీ ఒంటి గది క్వార్టర్లో ఆ పొగ పీల్చింది పిల్లలమే.

చావుల లెక్క చూస్తే పొగాకుదే పైచేయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకారం పొగాకు ఏటా 70 లక్షల మందికి పైగా చంపుతోంది. మద్యం వల్ల 2019లో పోయినవారు 26 లక్షలు. అందుకే పొగ మీద చట్టం గట్టిగానే పడింది. 1989 రైల్వే చట్టంలో 167వ సెక్షన్ పెట్టారు. పెట్టెలో తోటి ప్రయాణికుడు అభ్యంతరం చెబితే పొగ తాగకూడదన్నారు. 2001లో సుప్రీంకోర్టు బహిరంగ స్థలాల్లో పొగ ఆపమంది. 2003లో చట్టం వచ్చింది, 2008 అక్టోబరు 2 నుంచి 200 రూపాయల జరిమానా. అమ్మకం ఆపలేదు, గీత గీశారంతే. పొగాకు వాడే పెద్దవాళ్లు 2009-10లో నూటికి 34.6 మంది ఉంటే 2016-17 నాటికి 28.6కి దిగారు.

మందుకీ చట్టాలున్నాయండీ. తాగి రైల్లో గొడవ చేస్తే 145వ సెక్షన్, తాగి బండి నడిపితే మోటారు వాహనాల చట్టం. మన ఆర్మీ, ఎయిర్ ఫోర్స్ చట్టాల్లో 48వ సెక్షన్ మీకు నేను చెప్పాలా? డ్యూటీలో మత్తుగా దొరికితే రెండేళ్ల దాకా జైలు. ఇవన్నీ రోడ్డు మీద, రైల్లో, డ్యూటీలో. రైల్లో ముక్కూ మొహం తెలియని ప్రయాణికుడికి "వద్దు" అనే హక్కు ఉంది. స్టేషన్ దాటి క్వార్టర్లోకి వస్తే ఇల్లాలికి ఆ హక్కు లేదు. 2005 గృహహింస చట్టం ఉందంటారు. నిజమే, కానీ ఆవిడ ఆ గుమ్మం ఎక్కేసరికి ఎన్ని జీతాలు ఆవిరవుతాయో!

ఇక్కడ నా సంగతి ఒకటి చెప్పాలి. నా ఆఖరి పోస్టింగు కలైకుండ. మా బావ ఇక్కడి వర్క్‌షాపులో ఫిట్టరు. క్యాంటీన్ సరుకు బయటివాళ్లకి ఇవ్వకూడదని తెలుసు. నేను తాగను కదా, కోటా ఎందుకు పోగొట్టుకోవాలని నెల నెలా రమ్ము సీసాలు తెచ్చి బావకి ఇచ్చేవాణ్ణి. ఆయన మురిసిపోయేవాడు, నాకు మర్యాద జరిగేది. ఒకరోజు అక్క వంటింట్లోకి పిలిచి నెమ్మదిగా అంది: "తమ్ముడూ, ఆ సీసాలు మానెయ్యరా. నువ్వొచ్చిన రాత్రి పిల్లలు పక్కింట్లో పడుకుంటున్నారు." నాకు మాట రాలేదు. అప్పటికి మూడేళ్లుగా తెస్తున్నాను. మానేశాను గానీ బావ మానలేదు, బజార్లో కొనుక్కున్నాడు. 2004లో కాలేయం పాడై పోయాడు.

మరి పూర్తిగా నిషేధించేద్దామా? నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతా సారా ఆగింది, 1995 జనవరిలో సంపూర్ణ నిషేధం. 1997లో దాన్ని సడలించారు. ఆ తల్లులకు దణ్ణం పెడతాను. కానీ పక్క రాష్ట్రాల నుంచి దొంగసరుకు రావడం, ఖజానాకు గండి పడడం కూడా చూశాం. నాకు పొగ విషయంలో చేసిన పద్ధతే నచ్చుతుంది: అమ్మకం ఉంటుంది, కానీ పక్కవాడి అభ్యంతరానికి విలువ ఉంటుంది.

మన చేతిలో ఉన్నంతవరకు చేద్దాం. ఉగాది విందులో సిగరెట్టు కాల్చేవాళ్లని బయటికి పంపుతున్నాం, మందు బల్ల మాత్రం హాలు మధ్యలో పెడుతున్నాం. ఆ బల్ల ఎత్తేయాలనీ, ఎవరూ తమ కోటా సీసా బయటివారికి ఇవ్వకూడదనీ కార్యవర్గానికి తీర్మానం రాసిచ్చాను. సాయంత్రం ఓటింగు. భోజనాల విరామంలో మీ ఇంట్లోవాళ్లని ఒక్క మాట అడిగి వచ్చి చేతులెత్తండి.