లెక్కలలోని అనంతము



గణితమనఁగా వడ్డీలెక్కయు పొలము కొలతయు మాత్రమే యని పలువురి తలంపు. పావులూరి మల్లన తెనిఁగించిన గణితసారసంగ్రహమునకు మూలకర్త 9వ శతాబ్దివాఁడగు మహావీరాచార్యుఁడు. సంఖ్యను సున్నచే భాగించిన మాఱదని యాతఁడు చెప్పెను. అది పొసఁగదు, భాజకము తగ్గినకొలఁది ఫలము పెరుగును గదా! 1150 ప్రాంతమున భాస్కరాచార్యుఁడు బీజగణితమున ఆ ఫలమునకు ఖహరమని పేరిడి, ఎంత కలిపినను ఎంత తీసినను దానికి మార్పులేదనెను. ప్రళయమున ప్రాణికోటి తనలోఁ జేరినను, సృష్టివేళ వెడలినను అచ్యుతుఁడు మాఱనట్లని పోల్చెను. లెక్క చెప్పుచునే వేదాంతమున నడుగిడినాఁడు. నేటి గణితజ్ఞులు సున్నతో భాగహారము నొప్పరు గాని, ఆ పోలిక నాకు నేఁటికిని ప్రియమే.

ఐరోపాఖండమున నీ చిక్కు వేఱు రీతిని పుట్టినది. మా అక్కన్నపేట వంటి యూర అంకెలెఱుఁగని కాపరి సైతము గొఱ్ఱెకొక గులకరాయి చొప్పున నుంచుకొని, సాయంకాలము దొడ్డివాకిట మంద సరిచూచుకొనఁగలఁడు. జర్మనీలో గెయోర్గ్ కాంటర్ 1874 మొదలుకొని యీ జతకూర్పునే అనంతమునకు వర్తింపఁజేసెను. ఒకటికి రెండు, రెంటికి నాలుగు, మూఁటికి ఆఱు జతచేయుఁడు. ఎక్కడను కొఱఁత రాదు. సగమని తోఁచు సరిసంఖ్యలు మొత్తముతో సమానములే! గీతలోని బిందువులనిట్లు జతపఱుపఁబూనినచో మాత్రము మిగిలిపోవును. అనఁగా అనంతములలోను చిన్నపెద్దలున్నవి. దైవమునకే చెల్లిన అనంతమును లెక్కకు దింపుట అపచారమేమో యని కొందఱు మతాచార్యులు శంకించిరి. కాంటర్ భక్తుఁడు. పెంపునకు లోనగు అనంతము వేఱు, పెంపులేని పరమానంతము వేఱు, అది భగవంతునిదేయని సమాధానమిచ్చెను.

ఫ్రెంచి తత్త్వవేత్త అలేన్ బాద్యూ 1988లో ప్రకటించిన గ్రంథమున ఆ పరమమును నిలువనీయలేదు. ఉనికిని దెలుపు శాస్త్రము గణితమే. మూలమున నున్నది ఏకము గాదు, శూన్యసమూహమని యాతని వాదము. ఏమియులేని సంచి యొకటి, ఆ సంచి మాత్రమే గల సంచి మఱొకటి. ఇట్లు సంఖ్యలన్నియు సున్ననుండియే కట్టవచ్చును. ఏకమే సత్యమని చదువుకొన్న నావంటివాని చెవికిది కటువే. ఐనను ఏకము లేదనుట గణితము తేల్చినది గాదు, తాను చేసిన నిశ్చయమని యాతఁడే చెప్పుకొనెను. ఆ నిజాయితీకి నేను నమస్కరింతును. ఇఁక నా తొలి సంచి యెక్కడిదని మీరడుగుదురు. శూన్యసమూహమున్నదనుటను గణితజ్ఞులును నిరూపింపరు. ముందుగా నొప్పుకొని, ఆపై లెక్క సాగింతురు.