ఇల్లే తొలి బడి, తొలి దవాఖాన



నలుగురైదుగురు పసిపిల్లలున్న ఇల్లు నిజంగా ఒక బడే. వాకిట్లో నాయనమ్మ చింతగింజలు పోసి పదేసి కుప్పలు పెట్టిస్తే చిన్నోడికి లెక్క వస్తుంది. అక్క కథ చెబితే చెల్లెకు మాటలు వస్తాయి. ఇంటి భాష బలం మన నేలకు కొత్త కాదు. 1940లలోనే అప్పటి ఆదిలాబాద్ జిల్లా మార్లవాయిలో మానవశాస్త్రవేత్త హైమెండార్ఫ్ చొరవతో గోండు పిల్లలకు గోండిలో చదువు మొదలైంది. ఇంటి చదువు పునాది. 6 నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఉచితంగా బడి చదువు చట్టమిచ్చిన హక్కు. మధ్యలో చదువు ఆపిన పెద్దపిల్లకు ఓపెన్ స్కూల్ ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది.

ఇక ఆరోగ్యం. పిల్లలు ఎక్కువైతే ఎవరికి ఏ టీకా పడిందో మతికుండదు. అందుకే ఒక్కొక్కరి టీకా కార్డు విడిగా, ఒకే సంచిలో దాచండి. తట్టు, రుబెల్లా టీకా తొమ్మిది నెలలు నిండగానే ఒకటి, 16 నుంచి 24 నెలల మధ్య రెండోది. విరేచనాలైతే ఓఆర్‌ఎస్ తాగిస్తూ ఉండండి. జింకు డాక్టరు చెప్పిన మోతాదులో 14 రోజులు వేయండి; విరేచనాలు తగ్గాయని మధ్యలో ఆపొద్దు. బిడ్డ మత్తుగా పడి ఉన్నా, పాలు తాగకున్నా ఇంట్లో చర్చలొద్దు, వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఇలాంటి అత్యవసరం లేనప్పుడు, పిల్లల చదువు, ఆరోగ్యం గురించిన నిర్ణయం తల్లి ఒక్కదాని భారం కాకూడదు. అమ్మానాన్నలిద్దరూ కూర్చుని ఆశా కార్యకర్తను అడిగి తేల్చుకోండి.