కేసు డైరీ తెరిపించే ఆట



డిజైనర్లు, రచయితలు, ప్రోగ్రామర్లు అయిన మీకు కోర్టు వీడియో ఆటల చరిత్ర నేను చెప్పనక్కర్లేదు. 2001లో క్యాప్‌కామ్‌లో షు టకుమి మొదలుపెట్టిన కోర్టు ఆటల సిరీస్ వేసిన బాటలోనే ఇంకా నడుస్తున్నాం. ఆ సిరీస్‌లో ఏ పాత్ర ఆట ఆ పాత్రదే. సాక్షి అబద్ధమాడేటప్పుడు చేసే చిన్న కదలికను అపోలో పట్టేస్తాడు. గొంతులో దాగిన భావాన్ని అతీనా వింటుంది. ఎడ్జ్‌వర్త్ చదరంగం ఎత్తులు వేసి మాట రాబడతాడు. ఒకరిది తీసి ఇంకొకరికి తగిలిస్తే అతకదు.

మనం ఏం నేర్చుకున్నాం? హైటెక్ సిటీ స్టూడియోల్లో పిచ్‌లు వింటూ ఇన్నేళ్లు గడిపాను. వాటిలో ఒక పాత్రకు మనసు చదివే కన్ను, ఇంకో పాత్రకు అబద్ధం వినే చెవి. పేర్లు తారుమారు చేసినా ఆట చెక్కుచెదరదు. మన కోర్టుల్లో ఎప్పుడో పోయిన జ్యూరీని తెచ్చి పెట్టినవారూ ఉన్నారు. ఏ పాత్రకైనా సరిపోయే ఆట పద్ధతే, అంటే మెకానిక్కే, లాభమని వాదించే పెద్దలు ఈ సభలోనే కూర్చున్నారు. వారితో నా తగాదా పాతదే, ఇవాళా విరమించను.

పాత్ర మెకానిక్ ఆ పాత్రకున్న కట్టుబాటులోంచి పుట్టాలి. మన సెషన్స్ కోర్టులో దర్యాప్తు అధికారిని తీసుకోండి. ఆయన కేసు డైరీ చూపించమని అడిగే హక్కు ముద్దాయికి లేదు. కానీ బోనులో నిలబడి, గుర్తు తెచ్చుకోవడానికి ఆయనే డైరీ తిరగేస్తే, ఆ భాగం చూసి క్రాస్ చేసే హక్కు డిఫెన్స్ వకీలుకు వస్తుంది. పాత నేర విచారణ చట్టం సీఆర్‌పీసీ 172లో ఉండిన ఈ నిబంధన 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 192లో ఉంది. ఇంతకంటే మంచి ఆట ఎవరు కనిపెట్టగలరు? తేదీలు, టైములు, వెళ్లిన దారి గుచ్చి గుచ్చి అడిగి, ఆయన చెయ్యి డైరీ మీదికి వెళ్లేలా చేయాలి. తొందరపడితే "గుర్తులేదండీ" అని తప్పించుకుంటాడు.

సాక్షి సంగతి ఇంకా లోతైనది. పోలీసులకు చెప్పని ముఖ్యమైన మాట కోర్టులో కొత్తగా చెబితే, ముందు చెప్పకపోవడాన్నే వైరుధ్యంగా తీసుకోవచ్చంటుంది చట్టం. ఆ సంగతి మొదట సాక్షినే అడగాలి. తర్వాత వాంగ్మూలం రాసుకున్న అధికారి చేత "అలా చెప్పలేదు" అనిపించాలి. సాక్షిని అడగడం మరిచిన ఆటగాడికి, రెండు అధ్యాయాల తర్వాత అధికారి బోనెక్కినప్పుడు చేతిలో ఏమీ మిగలదు. టకుమి ఆటల్లో ఎక్కువగా సాక్షి అన్న మాటను పట్టుకుంటాం. మన ఆటలో అనని మాటను పట్టుకోవాలి.

నాకు ఇదంతా నేర్పినవారు ఎల్.బి.నగర్ కోర్టు ఆవరణలోని వకీలు గుమాస్తాలు. కేసు కట్ట విప్పి, సాక్షి ఎక్కడ మాట మార్చాడో పేజీ మీద వేలు పెట్టి చూపేవారు. ఆర్టుకూ ఇంజిన్‌కూ బడ్జెట్ రాసే మనం ఆ జ్ఞానానికి పైసా రాయం. కోర్టు ఆట మొదలుపెట్టే ప్రతి బృందం, పాత్రలు రాయకముందే, ఒక గుమాస్తాను జీతమిచ్చి రచయితల పక్కన కూర్చోబెట్టాలని, ఆట చివర క్రెడిట్స్‌లో ఆయన పేరు వేయాలని ఈ సభ తీర్మానించాలి. అధ్యక్షస్థానం నుంచి నేను కోరేది ఇదొక్కటే.