కోళ్ల నీళ్లల్లో ఏం కలపాలి, ఎప్పుడు కలపొద్దు
(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో మాట్లాడినది)

నేను సంఘంల అప్పు తీసుకుని 200 బ్రాయిలర్ పిల్లలతో షెడ్డు పెట్టుకున్న. ఎల్లిగడ్డ నీళ్లు, బెల్లం నీళ్ల గురించి చెప్పమని అధ్యక్షురాలు అక్క అడిగింది. చెప్త. కానీ ముందు నా తప్పు చెప్పుకుంటాను.

రెండో బ్యాచ్‌కు 21వ రోజు కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా నీళ్లల్లో ఇయ్యాలె. రోజూ కలిపే ఎల్లిగడ్డ రసం, వెనిగర్ ఆ రోజు గూడ కలిపిన. అవి బ్లీచింగ్ వేసిన నల్లా నీళ్లు. అన్నీ కలిస్తే ఇంకా బలం అనుకున్న. పది రోజులకు కోళ్లు ఆకుపచ్చగా పారుకున్నాయి, మెడలు తిప్పుకున్నాయి. 70 చచ్చిపోయినయి. కమ్మలు కుదువపెట్టి ఆ నెల కిస్తీ కట్టిన.

పశువుల డాక్టరు గారు అడిగి తెలుసుకుని, "టీకాలో ఉండేది బతికున్న వైరస్ అమ్మా. క్లోరిన్, పులుపు తగిలితే చస్తది. నువ్వు తాపింది ఉత్త నీళ్లే" అన్నారు.

ఇప్పుడు టీకాకు ముందు రోజు, ఆ రోజు, తెల్లారి ఏమీ కలపను. బ్లీచింగ్ లేని బోరు నీళ్లే వాడతాను. డబ్బాలు సబ్బు లేకుండా కడిగి, లీటరుకు రెండు మూడు గ్రాముల వెన్న తీసిన పాలపొడి వేసి, అది కరిగినంక టీకా కలుపుతాను. అంతకుముందు గంటన్నర నీళ్లు తీసేస్తే, దూప మీద రెండు గంటల్ల తాగేస్తయి. ఈ పని పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడే చేయాలి.

మిగతా రోజుల్ల ఎల్లిగడ్డ దంచి, బట్టతో వడగట్టి కలుపుతాను. వడగట్టకపోతే డబ్బాలల్ల పిప్పి ఇరుక్కుంటది. పిల్లలు దిగిన మొదటి రోజు కొద్దిసేపు బెల్లం నీళ్లు పెడతాను, మిగిలినవి పారబోస్తాను. ఎండకు అవి పులుస్తయి, పిల్లలు పారుకుంటయి. పసుపు నీళ్లల్ల కరగదు అక్కా, అడుగున పేరుకుంటది. అందుకే దాణాల కలుపుతున్న. వెనిగర్ ఇనుప బకెట్ల పోయకండి, తుప్పు పడుతది.

ఇవన్నీ టీకాకు బదులు కావు. మా అత్తమ్మ ఇప్పటికీ ఎల్లిగడ్డ చాలంటది, నేను వినను.

మొన్నటి బ్యాచ్‌ల 200కు 193 అమ్మిన. కమ్మలు ఇంకా విడిపించలేదు, మూడు కిస్తీలు మిగిలి ఉన్నాయి.