డౌడీ, షాబీ, కుచేలము



లెక్కలు వ్రాసికొనువానికి ఇంగ్లీషు మాటపై నుపన్యసించు నధికార మెక్కడిదని మీరడుగవచ్చును. మన గ్రంథాలయమున నవల చదువుచున్న యొక విద్యార్థిని, 'డౌడీ' యనగా మాసిన బట్టలు కట్టినదని చెప్పవచ్చునా యని న న్నడిగినది. చెప్పరాదనుటకే యీ నాలుగు మాటలు.

మాసిన బట్ట చాకలికి వేసిన తెల్లబడును. డౌడీతన మట్లు పోవునది కాదు. ఉతికినదైనను, ఖరీదైనదైనను, కట్టులో సొగసు లేకున్నను, కాలపు వాడుకకు వెనుకబడినను ఆ మాట పడవలసినదే. 1755లో జాన్సను పండితుడు తన నిఘంటువులో, పొందికయు సొగసును లేక బట్ట కట్టు స్త్రీ యని దీనికర్థము వ్రాసెను. స్త్రీ యనుటను గమనింపుడు. పురుషుని కీ మాట తగిలించుట నేటికిని అరుదే. షేక్స్పియరు రచించిన 'రోమియో జూలియట్' నాటకమున మెర్క్యూషియో మిత్రుని వలపును ఎగతాళి చేయుచు, వాని ప్రియురాలి ముందు కార్తేజి రాణి డైడో సైతము డౌడీయే యనును. రాణిగారికి బట్టలకు కొదువయా? కావున నీ మాట లేమిని గూర్చినది కాదు, చూచువాని కంటిని గూర్చినది.

చినిగి వెలిసిన బట్టకు వారికి వేరొక మాట కలదు, 'షాబీ' యని. పుండుపై కట్టు పక్కును తెలుపు ప్రాతమాట నుండి యది పుట్టినది. నీచపు నడతకును వారు ఆ మాటయే వాడుదురు. ఇది నాకు రుచింపదు. బట్ట చినుగుట వేరు, బుద్ధి చినుగుట వేరు.

మనకును అట్టి మాట యున్నది. 'కు' యనగా చెడ్డ, 'చేలము' అనగా వస్త్రము. కుచేలుడనగా చింకిబట్టవాడు. కాని భాగవత దశమస్కంధము విన్నవారికి ఆ పేరుతో చినుగులు తోచునా? అటుకుల మూటయు, కృష్ణుని కౌగిలియు తోచును. పోతనగారి చేతిలో తిట్టు కావలసిన మాట పూజ్యమైనది.

అయితే కథ విని కన్నీరు పెట్టు మనమే 'పల్లెటూరి కట్టు' అని నవ్వుటయు కలదు. కూలిపని ముగించుకొని వచ్చు స్త్రీలు మన గుమ్మము కడనే నిలిచి పుస్తకము తీసికొని పోవుచున్నారు. లోపల కూర్చుండవేమమ్మా యని యొకతె నడిగితిని. "ఈ చీరతోనా బాబుగారూ?" అన్నది. అది ఉతికిన చీరయే, అంచున మాత్రము రెండు అతుకులు. డౌడీయు కాదు, షాబీయు కాదు. ఆమె తలవంపునకు నిఘంటువులో నాకు మాట దొరకలేదు.

రజతోత్సవపు ఖర్చులు పోను మిగిలిన సొమ్ముతో, గుమ్మము లోపలి వరుసలో స్త్రీలకు రెండు బల్లలు వేయింపవలసినదిగా కార్యవర్గమువారిని కోరుచున్నాను.