ఊరు మారినవాడి బాకీ
(సొసైటీ వార్షిక సభలో ఒక ఉపాధ్యాయుడు చేసిన ప్రసంగ పాఠం)



లెక్కలు చెప్పుకునే పంతులికి కోర్టుల గొడవ ఎందుకంటారేమో. మా తొమ్మిదో తరగతిలో ఒక అమ్మాయి ఉంది. వాళ్లది పులిచింతల నీళ్లలో మునిగిన ఊరు. ఇల్లు పోయాక రెంటచింతల వచ్చారు. తండ్రి ట్రాక్టరు మీద ఒక పెద్ద పనికి కంకర తోలాడు. సొమ్ము చేతికి రాలేదు. అడిగితే, "కొలతల మీద సంతకానికి రమ్మని ఉత్తరం రాశాం, నువ్వే రాలేదు" అన్నారట. ఉత్తరం పాత చిరునామాకు పోయింది. నీళ్ల కింద ఉన్న ఊళ్లో ఏ పోస్ట్‌మ్యాన్ ఇస్తాడు?

అతని కోసం చట్టం పుస్తకాలు తిరగేస్తుంటే దేశ విభజన నాటి సంగతులు కనపడ్డాయి. 1947లో నార్త్ వెస్టర్న్ రైల్వే రెండు ముక్కలైంది. మనకు వచ్చిన భాగానికి ఈస్టర్న్ పంజాబ్ రైల్వే అని పేరు పెట్టారు. లాహోరులోని మొగల్‌పురా వర్క్‌షాపు అటే ఉండిపోయింది. అక్కడికి సరుకిచ్చి, బిల్లు రాకముందే కట్టుబట్టలతో ఢిల్లీ చేరిన వ్యాపారి ఉన్నాడనుకోండి. అతను ఎవరిని అడగాలి?

1947 ఆగస్టు 14న వచ్చిన ఉత్తర్వు దీనికి జవాబు చెప్పింది. కేంద్ర ప్రభుత్వం చేసుకున్న ఒప్పందం ఆగస్టు 15 నుంచి కేవలం పాకిస్తాన్ అవసరానిదైతే బాకీ పాకిస్తాన్‌ది, కాకుంటే భారతదేశానిది. వ్యాపారి ఎక్కడ తలదాచుకున్నాడన్నది లెక్కలోకి రాదు. లాహోరు సైనిక ఫారానికి పశువుల మేత ఇచ్చిన చమన్‌లాల్ లూనా కంపెనీ మన ప్రభుత్వం మీద వేసిన దావా సుప్రీంకోర్టు దాకా వెళ్లి, 1957లో ఆ కారణంగానే ఓడిపోయింది. నిర్వాసితులు తామున్న చోటే దావా వేసుకోవచ్చని 1948లో చట్టం చేశారు, గడువూ పెంచారు. మంచి చట్టమే. కానీ బాకీదారు సరిహద్దు అవతల ప్రభుత్వమైతే ఇక్కడి కోర్టు ఏం చేయగలదు?

మన పక్కనే చూడండి. కృష్ణ అవతల నిజాం స్టేట్ రైల్వే ఉండేది. 1951లో అది సెంట్రల్ రైల్వేలో కలిసింది. అక్కడ కథ వేరు. సంస్థానం చేసుకున్న ఒప్పందాల్లో రైల్వేల వంటి కేంద్ర విషయాలకు చెందిన బాధ్యతలు భారత ప్రభుత్వానివేనని రాజ్యాంగం 295వ అధికరణం చెప్పింది. రాజ్యం పోయినా బాకీ పోలేదన్నమాట.

ఇంకొకటి. ఒప్పందం సరైన పద్ధతిలో రాసుకోలేదు కాబట్టి డబ్బివ్వం అంటే చెల్లదు. రైల్వేకు బొగ్గు ఇచ్చిన ఒక బెంగాల్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ చూపించింది: ఉచితంగా ఇవ్వని సరుకును తీసుకుని వాడుకుంటే, ప్రతిఫలం ఇవ్వాల్సిందే.

అయితే గడువు మాత్రం ఎవరి కోసమూ ఆగదు. అమ్మిన సరుకు ధరకు మామూలుగా మూడేళ్లు. ఈలోగా అవతలివాళ్లు బాకీ ఉందని రాసి సంతకం చేస్తే ఆ రోజునుంచి మళ్లీ మూడేళ్లు. నోటిమాట పనికిరాదు. కేంద్ర ప్రభుత్వ రైల్వే మీద దావా అయితే ముందు ఆ రైల్వే జనరల్ మేనేజరుకు నోటీసిచ్చి రెండు నెలలు ఆగాలి. మనవాళ్లేమో, "పెద్దాయన ఇస్తానన్నాడు లెండి" అని నాలుగో ఏడు దాకా చూస్తారు. ఆ మొహమాటం నాకూ ఉంది, అందుకే చెబుతున్నా.

మీరిచ్చే చందాల్లో ఫీజులకు, పుస్తకాలకు పోను కొంచెం దీనికి తీయమని కమిటీవారిని అడుగుతున్నాను. వకీలు నోటీసు, జిరాక్సులు, రిజిస్టరు పోస్టు ఖర్చు, అంతే. ఆడవాళ్లకైతే ఆదాయంతో పని లేకుండా న్యాయసేవా సంస్థ వకీలును ఉచితంగా ఇస్తుంది. వాళ్లను అక్కడిదాకా తీసుకెళ్లే మనిషి కావాలి.

ఆ అమ్మాయి తండ్రి దగ్గర ట్రిప్పుల చీటీలు నూట పన్నెండు ఉన్నాయి. ఎండకు వెలిసిపోతున్నాయి. తేదీలవారీగా పేర్చి, అంటించి ఇచ్చాను. మొదటి ట్రిప్పుకు మూడేళ్లు నిండడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఆదివారం గురజాల వెళ్తున్నాం. వకీలు పని తెలిసినవాళ్లు ఎవరైనా వస్తే కారులో చోటుంది.